మొక్కల మీద పీహెచ్‌డీ చేయబోయేవారికి

ఎమ్మెస్సీ చివరికొచ్చిన పిల్లలు అడిగేది ఒకటే: "సార్, ప్లాంట్ మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీకి ఎక్కడ అప్లై చేయమంటారు?" ల్యాబుల్లో, గ్లాస్‌హౌసుల్లో చాలాకాలం గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతున్నాను.

1. ముందు ఫెలోషిప్ చూసుకోండి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపరు, డీబీటీ వారి బెట్ పరీక్ష, రెండూ రాయండి. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఎస్ఆర్ఎఫ్ కింద 42,000, ఇంటద్దె భత్యం వేరే. ఫెలోషిప్ మీదైతే గైడ్‌ను ఎంచుకునే స్వేచ్ఛా మీదే. ప్రాజెక్టు డబ్బు మీద చేరినవాళ్లను ఆ ప్రాజెక్టు ముగిశాక ఎలాగన్న దిగులు వదలదు.

2. సంస్థ పేరుకన్నా ప్రశ్న ముఖ్యం. ఢిల్లీలో ఎన్ఐపీజీఆర్ మంచిదే. కానీ హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ ప్లాంట్ సైన్సెస్ విభాగం, రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. పరిశోధన ఒకచోట, డిగ్రీ మరోచోట కావచ్చు. రిజిస్ట్రేషన్ ఎక్కడో ముందే అడగండి.

మంచి ప్రశ్నకు ఉదాహరణగా బాపట్ల సాంబ మసూరి వరి సంగతే చూడండి. అన్నం రుచికి తిరుగులేదు, ఎండాకు తెగులొస్తే మాత్రం తట్టుకోలేదు. సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి అందులోకి మూడు నిరోధక జన్యువులను తెచ్చాయి. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. ప్రతి తరంలో ఆకు ముక్క తుంచి, డీఎన్ఏ తీసి, పీసీఆర్ చేసి, జెల్ మీద సరైన బ్యాండ్లు కనబడ్డ మొక్కనే మళ్లీ సాంబ మసూరితో సంకరం చేశారు. కొత్త రకం 2008లో విడుదలైంది. 2025 మేలో దేశం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాలకూ మూలాలు మనవే: ఒకటి సాంబ మసూరి, రెండోది మార్టేరు ఎంటీయూ 1010. మరి కంది, వేరుశనగ, మిరప? వాటిలో చేయాల్సిన పని కొండంత మిగిలి ఉంది. నేనిప్పుడు చేరేవాణ్ణయితే కందినే పట్టుకుంటాను.

3. మొక్క మీ సినాప్సిస్ ప్రకారం పెరగదు. అరాబిడాప్సిస్ విత్తు నుంచి విత్తుకు రెండు నెలల్లోపే వస్తుంది. వరికి నాలుగైదు నెలలు. పైగా మన ఇండికా రకాలు టిష్యూ కల్చర్‌కు అంత తేలిగ్గా లొంగవు. పొట్టు తీసిన గింజను మీడియం మీద చీకట్లో పెడితే కాలస్ వస్తుంది. లేత పసుపు రంగులో, పొడిగా, పలుకులు పలుకులుగా ఉన్నదాన్నే ఎంచుకోండి; నీరుకారి గోధుమ రంగుకు తిరిగినదాని నుంచి మొలకలు ఆశించకండి. ట్రాన్స్‌ఫర్మేషన్ చేసిన మొదటి తరం మొక్క చేతికొచ్చాక కూడా స్థిరమైన లైన్ కోసం ఇంకో రెండు పంటలు ఆగాలి. అందుకే ట్రాన్స్‌ఫర్మేషన్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి. మూడో ఏట మొదలుపెడితే థీసిస్ ఫెలోషిప్ గడువు దాటిపోతుంది.

4. చేరేముందు ఆ ల్యాబ్ విద్యార్థులతో విడిగా మాట్లాడండి. థీసిస్‌కు ఎన్నేళ్లు పడుతోంది? బయటికెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? కరెంటు పోతే గ్రోత్ ఛాంబర్ గతేమిటి? సంక్రాంతి సెలవుల్లో మొక్కలకు నీళ్లెవరు పోస్తారు? ఈ జవాబులు వెబ్‌సైట్‌లో దొరకవు.

5. విదేశాలకు వెళ్లాలనుకుంటే పద్ధతులు తెలుసుకోండి. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో చాలావరకు పీహెచ్‌డీ అంటే ఒప్పందం మీద జీతమిచ్చే ఉద్యోగమే. అమెరికాలో మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిరిగి చూసి గైడ్‌ను ఎంచుకోవచ్చు. ఆచార్యులకు రాసే ఈమెయిల్ పది వాక్యాలు దాటొద్దు. అందులో ఒక వాక్యమైనా ఆయన పేపర్లోని ఒక ఫలితం గురించి మీకు నిజంగా కలిగిన సందేహం కావాలి.

6. చేరేలోపు స్టాటిస్టిక్స్, ఆర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. అర్హత ఉంటే సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. రెండు నెలలు ల్యాబ్‌లో పైపెట్ పట్టుకుంటే ఈ పని మీకు నచ్చుతుందో లేదో మీకే తెలుస్తుంది.