మందు ఒంట్లోకి వెళ్లాక... ఆ లెక్క తేల్చే కొలువులు

ప్రొద్దుటూరులో ఎవరికైనా ఆపరేషన్ అంటే మత్తు డాక్టర్ ‘మీరు ఆర్యవైశ్యులా?’ అని అడగొచ్చు. అది కులం పట్టింపు కాదు, మందు లెక్క. కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొన్ని నిమిషాల్లోనే విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ ఎంజైమును తయారుచేసేది కాలేయం. వైశ్యుల్లో కొందరికి ఆ ఎంజైము పుట్టుకతోనే దాదాపు ఉండదు. వాళ్లకు ఈ మందు పడితే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. అందరికీ కాదులెండి, లోపమున్న జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే. దీనికి కారణమైన జన్యుమార్పును కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించారు. మిగతా జనంతో పోలిస్తే వైశ్యుల్లో ఈ లోపం సుమారు 100 రెట్లు ఎక్కువని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్ పాల్గొన్న 2017 నాటి అధ్యయనం చెప్పింది. వైశ్యుల అమ్మవారిశాల ఉన్న ప్రొద్దుటూరులో చదువుకునే పిల్లలకు ఇంతకన్నా దగ్గరి పరిశోధనాంశం ఏముంటుంది?

గ్యాస్ మాత్రదీ ఇదే కథ. ఒమెప్రజోల్‌ను కాలేయంలోని సీవైపీ2సీ19 అనే ఎంజైము విరగ్గొట్టేస్తుంది. కొందరిలో ఇది మందకొడి, కాబట్టి మాత్ర ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. గుండెకు స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్‌కు మాత్రం ఇదే ఎంజైము ప్రాణం పోయాలి. అది మందగిస్తే ఆ మాత్ర సరిగా పనిచేయదు. పుదుచ్చేరి జిప్మర్‌లో సి. ఆదితన్ బృందం తెలుగువాళ్లతో సహా దక్షిణాది జనంలో ఈ తేడాలను లెక్కగట్టింది.

మన దగ్గర డాక్టరంటే నాడి పట్టేవాడే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టారు. ఆ గౌరవం వేరు. ల్యాబ్‌లో కూర్చుని మందు జాడ వెతికేవాళ్లను మాత్రం బంధువులు ‘ఇంతకీ నువ్వు డాక్టరువా, కాంపౌండరువా?’ అని అడుగుతారు. అడగనీయండి.

ఎంబీబీఎస్ దారి అందరికీ తెలిసిందే: ఐదున్నరేళ్లు, ఆపై ఎండీ, ఆపై జీర్ణాశయం, కాలేయం చూసే గ్యాస్ట్రోఎంటరాలజీలో డీఎం. ఆ విభాగంలో పేరున్న పద్మవిభూషణ్ డి. నాగేశ్వర్ రెడ్డి ఎంబీబీఎస్ చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే. రోగులకన్నా మందుల మీదే ఆసక్తి ఉంటే ఎండీ ఫార్మకాలజీ చూడండి. ర్యాంకు రానివాళ్లు తప్ప ఎవరూ ఎగబడని ఈ సీటు పరిశోధకుడికి నిజానికి బంగారం.

నీట్ కోసం మూడోసారి లాంగ్ టర్మ్‌లో చేరబోతున్నవాళ్లతో ఒక మాట. మీకు కావలసింది పరిశోధనే అయితే ఆ ఏడాది వృథా చేసుకోవద్దు. ఈఏపీసెట్‌తో బీఫార్మసీలో చేరొచ్చు, ఎంపీసీ వాళ్లకూ అర్హత ఉంది. తర్వాత జీప్యాట్, నైపర్ ప్రవేశపరీక్ష రాసి హైదరాబాద్ నైపర్‌కు వెళ్లొచ్చు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ కొట్టినా సరే, నెలకు రూ.37,000 ఇస్తూ పీహెచ్‌డీ చేయిస్తారు. ఆసుపత్రి వాతావరణం ఇష్టమైతే ఆరేళ్ల ఫార్మ్‌డీ ఉంది. మందుల దుష్ఫలితాలు నమోదుచేసే ఫార్మకోవిజిలెన్స్‌లో వాళ్లకు గిరాకీ. పులివెందుల జేఎన్‌టీయూలో కంప్యూటర్స్ చదివేవాళ్లకూ చోటుంది: రక్తంలో మందు మోతాదు గంట గంటకూ ఎలా పడిపోతుందో చెప్పేది గణితమే.

మందు ఒంట్లో ఏమవుతుందో తేల్చే విభాగాన్ని కంపెనీల్లో డీఎంపీకే అంటారు. అక్కడ రక్తంలో మందును కొలిచే ఎల్సీ-ఎంఎస్ యంత్రం నడపడం వచ్చినవాడికి విలువెక్కువ. కాబట్టి ఎంఫార్మసీ కాలేజీని ఎంచుకునేటప్పుడు భవనాలు చూడకండి. ఆ యంత్రం ఉందా, ఉంటే విద్యార్థులను ముట్టనిస్తారా అని సీనియర్లను అడగండి. ఒక కంపెనీ మందు అసలు మందుతో సమానమేనా అని చూసే బయో ఈక్వివలెన్స్ పరీక్షలు చేసే సంస్థల్లో తొలి ఉద్యోగాలు త్వరగానే దొరుకుతాయి. అయితే వలంటీర్ల నుంచి నిర్ణీత వేళలకు రక్తం తీయాలి కాబట్టి రాత్రి డ్యూటీలు తప్పవు, మొదట్లో జీతమూ అంతంతమాత్రమే. షిఫ్టు లెక్కలూ, పీహెచ్‌డీకి సెలవు ఇస్తారా అన్నదీ చేరకముందే తేల్చుకోండి.