లైమ్ బ్యాక్టీరియా రూపం మార్చి దాక్కుంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. నిరుడు ఎండాకాలం కొండలెక్కి వచ్చాక తొడ మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ లేచి, జ్వరం వచ్చింది. లైమ్ జబ్బన్నారు, పది రోజులు డాక్సీసైక్లిన్ వాడాడు. మచ్చ పోయింది గానీ నీరసం, ఒళ్లునొప్పులు వదల్లేదు. ఆ బ్యాక్టీరియా ఉండ చుట్టుకుని ఒంట్లో దాక్కుంటుందని ఎవరో చెప్పారట. నెలల తరబడి యాంటీబయాటిక్ నరానికి ఎక్కించుకుంటానంటున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: వద్దని చెప్పండమ్మా. వాడు విన్నదాంట్లో సగం నిజమే. జింకల మీద బతికే గోమారి లాంటి పురుగు కుడితే వచ్చే ఈ బొరేలియా అనే బ్యాక్టీరియా సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది. ల్యాబ్‌లో తిండి ఆపినా, మందు తగిలినా గుండ్రంగా ముడుచుకుంటుంది. మళ్లీ మంచి ద్రవంలో వేస్తే కొన్ని తిరిగి సాగుతాయి. కొన్ని గుంపుగా చేరి జిగురు కప్పుకుంటాయి. ఇంకొన్ని పెరగడం మానేసి మందును తట్టుకుంటాయి. ఇదంతా గాజు గొట్టంలో కనిపించిన సంగతి. మందులు వాడిన మనిషిలో మిగిలే నొప్పులకు ఈ రూపాలే కారణమని ఇంతవరకు రుజువు కాలేదు.

ఒంట్లో ఇది నిజంగా వేసే వేషం వేరే ఉంది. పైపొరలోని వీఎల్ఎస్ఈ అనే ప్రొటీన్‌ను చొక్కా మార్చినట్టు మారుస్తూ పోతుంది. రోగనిరోధక కణాలు పోల్చుకోలేవు. కానీ డాక్సీసైక్లిన్‌కు చొక్కాతో పని లేదు, అది లోపల ప్రొటీన్ తయారీనే ఆపేస్తుంది.

మీవాడిలా బాధపడేవాళ్లకు నెల రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించి, మరో రెండు నెలలు డాక్సీసైక్లిన్ ఇచ్చి చూశారు. 2001లో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే మెరుగేమీ లేదు. పైగా నరంలో నెలల తరబడి గొట్టం ఉంచుకుంటే రక్తంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. అలా ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు.

వాడి బాధ ఉత్తదని కాదు. మందులు వాడినా కొందరికి నెలల తరబడి నీరసం ఉంటుంది, చాలామందికి మెల్లగా తగ్గుతుంది. మళ్లీ రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చిందని మాత్రం హడలిపోకండి, యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి. థైరాయిడ్, బి12, నిద్ర సంగతి చూపించుకోమనండి. మోకాలు వాస్తే మాత్రం అది వేరు కథ, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దానికి రెండో విడత మందు అవసరం కావచ్చు.

ప్రశ్న: మా గేదెల మీది గోమారి నన్ను కుట్టింది. నాకూ లైమ్ వస్తుందా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: లైమ్‌ను మోసే జాతి పురుగు అది కాదు, ఆ భయం వద్దు. మనవైపు చూసుకోవలసింది పొదల్లోని చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం. పొదల్లో తిరిగొచ్చిన రెండు వారాల్లో జ్వరమొస్తే చంకలు, గజ్జలు వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి.