నివేదికలో ఆఖరి పేరా



పాడేరు ఏజెన్సీలో అడవి, నీటి వనరుల మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో నేను జెండర్ స్పెషలిస్టుని. ఏడాదంతా ఎవరికీ గుర్తుకురాను. నిధులిచ్చినవాళ్ళకు నివేదిక పంపే వారంలో మాత్రం "ఆ జెండర్ పేరా రాసిచ్చేయండి మేడమ్" అంటూ వస్తారు.

మొన్న ఒక ఊళ్ళో సామూహిక అటవీ హక్కుల దరఖాస్తుకు మ్యాపు గీశారు. సర్వే అంతా అయిపోయాక, ఆడవాళ్ళ సంతకాల కోసం నన్ను పిలిచారు. ఒక పెద్దామె వేలిముద్ర వేసి, సిరా చీరకొంగుకు తుడుచుకుంటూ, "మేం అడ్డాకులు కోసే కొండ ఇందులో ఉందా అమ్మా?" అని అడిగింది. లేదు. మా టీమ్‌కి చెబితే "గడువు దగ్గరపడింది, మళ్ళీ మొదలెట్టలేం" అన్నారు. గట్టిగా అడిగితే గొడవమనిషినంటారు. ఊరుకుంటే నిద్ర పట్టదు. ఉద్యోగం మానేయమంటారా?

- ఒక పాఠకురాలు

అమ్మా,

ఇప్పుడే మానేయొద్దు. ఆ పెద్దామె చూపించింది మ్యాపులో తప్పు. దాన్ని అలాగే చెప్పండి. జెండర్ సంగతంటే పక్కన పెడతారు, సర్వేలో తప్పంటే సరిదిద్దక తప్పదు. 2006 అటవీ హక్కుల చట్టం అడ్డాకు, చింతపండు లాంటి అటవీ ఫలసాయాలు సేకరించి అమ్ముకునే హక్కునిచ్చింది. ఆ కొండ దరఖాస్తులో లేకపోతే రేపు దాన్ని అడగడం ఊరంతటికీ కష్టం.

చట్టం మీ పక్షానే ఉంది. అటవీ హక్కుల కమిటీలోనూ, తీర్మానం చేసే గ్రామసభకు వచ్చినవాళ్ళలోనూ మూడోవంతు స్త్రీలుండాలి. గుజరాత్, నేపాల్ అటవీ కమిటీలను పరిశీలించిన ఆర్థికవేత్త బీనా అగర్వాల్, కమిటీల్లో ఆడవాళ్ళ బలం పెరిగిన చోట అడవీ మెరుగుపడిందని చూపారు. మీ టీమ్‌కి ఈ మాట తప్పక చెప్పండి.

ఈ వారమే, ఆ ఊరి ఆడవాళ్ళు అడ్డాకుకు బయల్దేరే వేళకి సర్వేయర్‌ని వెంటబెట్టుకుని కొండెక్కండి. పెద్దామె ముందు నడవాలి, జీపీఎస్ ఆమె వెనక నడవాలి.

తర్వాత డైరెక్టరు గారికి రాతపూర్వకంగా రెండు అడగండి. ప్రణాళిక, బడ్జెట్ వేసే మొదటి సమావేశంలో మీరూ కూర్చోవాలి. సర్వే ఫారంలో "ఈ దారిన ఎవరు నడుస్తారు, దేనికి?" అన్న గడి ఉండాలి. అప్పుడా జెండర్ పని మీ ఒక్కరిదే కాదు, అందరిదీ అవుతుంది.

అయినా మారకపోతే వేరే సంస్థ చూసుకోండి, తప్పులేదు. కానీ ఆ కొండ మ్యాపులోకి ఎక్కాకే.