కపట మరణము – నిజమైన దుఃఖము

ఒక మనిషి మరణించినాడని చెప్పుటకు ఒక్క మాట చాలును. ఆ మాట నిజమో కాదో తేల్చుటకు ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. మహాభారత కథ నెరిగిన మన విద్యార్థులకు ద్రోణపర్వములోని ఘట్టము తెలిసినదే. అశ్వత్థామ బ్రతికియే యుండెను. చచ్చినది ఆ పేరు గల ఏనుగు. అయినను, ధర్మరాజు నోట ఆ మాట వినగానే ద్రోణాచార్యుడు అస్త్రసన్న్యాసము చేసెను. ఆ స్థితిలోనే ప్రాణములు కోల్పోయెను. వార్త కపటము, తండ్రి దుఃఖము మాత్రము కపటము కాదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క ఘట్టములో ఇమిడియున్నది.

లోకములో కొందరు అప్పుల బాధ తాళలేక, కొందరు కోర్టు కేసులకు భయపడి, మరికొందరు బీమా సొమ్ము కాశించి, తాము చనిపోయినట్లు నమ్మించి మాయమగుచుందురు. ఇట్టివారి కథలను సినిమాలలో వినోదముగా చూపుదురు. పారిపోయినవాని తెలివిని గూర్చి అందరును మాటలాడుదురు. వాని వెనుక మిగిలిన ఇంటిని గూర్చి మాటలాడువారు తక్కువ. మేము ఆ ఇంటిని గూర్చియే వ్రాయుచున్నాము.

మన పట్టణమున జరిగినది

2024వ సంవత్సరము జనవరి నెలలో మన చెన్నపట్టణపు పత్రికలలో ఒక వార్త వచ్చినది. వ్యాయామశాలలో శిక్షకుడుగా నున్న యొకడు తన పేర కోటి రూపాయల బీమా చేయించుకొనెను. పోలీసుల కథనము ప్రకారము, అతడు తన వయస్సును, తన ఆకారమును పోలిన మనిషి కొరకు వెదకి, పూర్వము తన కెరుకయైన ఎన్నూరు ప్రాంతపు యువకు నొకనిని స్నేహముగా పిలుచుకొని పోయెను. 2023 సెప్టెంబరు నెలలో చెంగల్పట్టు జిల్లాలో ఒక గుడిసె కాలిపోయినది. అందులో దొరకిన శవము ఆ శిక్షకునిదే యని అందరును నమ్మిరి. అతని వారు అంత్యక్రియలు జరిపిరి. అతడు మాత్రము బ్రతికి, వేరొకచోట దాగియుండెను.

ఈ మోసము బయటపడుట కొక తల్లి కారణమైనది. ఎన్నూరు యువకుని తల్లి తన కుమారుడు ఇంటికి రాలేదని పోలీసులకు ఫిర్యాదు చేసెను. జాడ తెలియకపోగా మద్రాసు హైకోర్టును ఆశ్రయించి, తన కుమారుని కోర్టు ఎదుట నిలుపవలసినదని హెబియస్ కార్పస్ పిటిషను వేసెను. అప్పుడు పోలీసులు ఆ యువకుడు చివరిసారి ఎవరితో తిరిగెనని విచారింపగా ఆ శిక్షకుని పేరు వచ్చినది. చచ్చినాడనుకొన్నవాడు సజీవుడై పట్టుబడెను. అతనితోపాటు మరి యిద్దరిని అరెస్టు చేసిరి.

విద్యార్థులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఒక ఇంట కుమారుడు బ్రతికియుండగా శ్రాద్ధము జరిగినది. రెండవ ఇంట కుమారుడు చనిపోయినను తల్లి అన్నము ఎత్తిపెట్టి ఎదురుచూచినది. ఒక్క అబద్ధము రెండిండ్లలోను ఋణానుబంధమును తారుమారు చేసినది.

ఇట్టి నేరము కొత్తది కాదు. 1984 జనవరిలో కేరళ రాష్ట్రములోని ఆలప్పుళ జిల్లాలో సుకుమార కురుపు అనువాడు బీమా సొమ్ముకొరకై, తన వంటి ఆకారము గల యొక సినిమా సంస్థ ప్రతినిధిని తోడివారి సాయముతో చంపి, కారులో నుంచి కాల్చివేసినట్లు తేలినది. తోడివారిలో ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడినది. కురుపు నేటివరకు చిక్కలేదు. 2023 జనవరిలో తెలంగాణములోని మెదక్ జిల్లాలో కాలిన కారొకటి కనబడగా, అందు మరణించినాడనుకొన్న ప్రభుత్వోద్యోగి సజీవుడై యున్నట్లు కొలది దినములలోనే పోలీసులు కనుగొనిరి.

బీమా సొమ్ము ఎవరిది?

మన పట్టణమున అణ్ణాశాలైలో ఎల్.ఐ.సి. భవనమును చూడని బాలుడుండడు. 1959లో ప్రారంభమైననాడు అది దేశములోనే ఎత్తైన భవనముగా పేరు పొందినది. జీవిత బీమా సంస్థ 1956 సెప్టెంబరు 1వ తేదీన ఏర్పడినది. బీమా సూత్రము బహు సులభము. వేయిమంది తలకు నూరు రూపాయల చొప్పున కూడబెట్టినచో లక్ష రూపాయలగును. ఆ సంవత్సరములో ఏ దురదృష్టవంతుని ఇంట మరణము సంభవించునో ఆ ఇంటి పిల్లలకు ఆ సొమ్ము తోడ్పడును. అనగా బీమా సొమ్ము ఏ ధనికుని పెట్టెలోనిదియు కాదు. చిన్న జీతగాండ్రు, చిల్లర వర్తకులు, ఆటో నడుపువారు నెలనెల కట్టిన ప్రీమియమే అది. కపట మరణముతో దాని నపహరించువాడు నిజముగా తండ్రిని పోగొట్టుకొన్న పిల్లల పాలు అపహరించుచున్నాడు. అంతియే కాదు, మోసములు పెరిగిన కొలది సంస్థలవారు అనుమానముతో విచారణలు పెంచుదురు. నిజమైన వితంతువు కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును.

సముద్రమున కావల

ఇతర దేశములలోను ఇట్టి వృత్తాంతములు కలవు. ఇంగ్లండులో మంత్రిపదవి నిర్వహించిన పార్లమెంటు సభ్యుడు జాన్ స్టోన్‌హౌస్ 1974 నవంబరులో అమెరికాలోని మయామీ సముద్రతీరమున తన బట్టలు విడిచి, మునిగిపోయినట్లు నమ్మించెను. తన నియోజకవర్గమున మరణించిన ఇద్దరి పేర్లతో తప్పుడు పత్రములు సిద్ధపరచుకొని ఆస్ట్రేలియా చేరెను. ఆ సంవత్సరమే డిసెంబరు 24వ తేదీన మెల్బోర్నులో పట్టుబడెను. 1976లో అతనికి ఏడేండ్ల శిక్ష పడినది.

అంతకంటెను విచారకరమైనది జాన్ డార్విన్ కథ. ఇతడు 2002 మార్చిలో ఇంగ్లండు ఈశాన్య తీరమున చిన్న పడవలో సముద్రముపైకి పోయి తిరిగి రాలేదు. నిజమున కతడు కొంతకాలము తన ఇంటి ప్రక్క ఇంటనే దాగియుండెను. భార్యకు ఈ సంగతి తెలియును. ఇద్దరు కుమారులకు మాత్రము తెలియదు. తల్లి వితంతువువలె నటించుచుండగా వారు తండ్రికై అయిదేండ్లకు పైగా దుఃఖించిరి. 2007 డిసెంబరులో డార్విన్ తానే లండనులో పోలీసు ఠాణాకు పోయి, జ్ఞాపకశక్తి పోయినదని చెప్పెను. పనామా దేశమున భార్యాభర్తలు కలసి నవ్వుచు తీయించుకొన్న ఫొటో ఒకటి బయటపడగా ఆ మాట అబద్ధమని తేలినది. 2008లో ఇరువురికిని ఆరేండ్లకు పైగా శిక్ష పడినది. తండ్రి బ్రతికియున్నాడన్న శుభవార్తయే ఆ కుమారులకు మోసవార్త యైనది. తండ్రి మరణమున కేడ్చిన కన్నీటిని తిరిగి ఎవరీయగలరు?

ఏడేండ్ల నియమము

ఒకడు మాయమైన పిమ్మట ఎంతకాలమునకు అతనిని మృతునిగా భావింపవచ్చును? ఈ ప్రశ్నకు మన దేశపు చట్టము సమాధానము చెప్పుచున్నది. 1872 నాటి సాక్ష్య చట్టములో 108వ సెక్షనుగా నుండిన నియమమే 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో 111వ సెక్షనుగా ఉన్నది. మనిషి బ్రతికియున్నచో సహజముగా ఎవరికి కబురు తెలియవలెనో, ఆ వారికి ఏడేండ్లపాటు ఏ కబురును తెలియనిచో, అతడు బ్రతికియున్నాడని వాదించువారే దానిని నిరూపింపవలెను. లేనిచో కోర్టు అతనిని మృతునిగా భావించును.

అయితే ఏడేండ్లు నిండినంతమాత్రమున అతడు ఫలానా దినమున చనిపోయెనని చట్టము చెప్పదు. ఈ విషయమును సుప్రీంకోర్టు 2004లో ఒక బీమా కేసులో స్పష్టపరచినది. కావున మాయమైనవాని పాలసీ నిలువవలెనన్నచో ఇంటివారు ప్రీమియము కట్టుచునే యుండవలెను. సంపాదించువాడు లేని ఇంట ఇది ఎంత భారమో మన మూహింపవచ్చును. హిందూ వివాహ చట్టము (1955) ప్రకారము ఏడేండ్లు కబురు లేనిచో విడాకులు కోరవచ్చును. కేంద్ర ప్రభుత్వోద్యోగి మాయమైనచో, పోలీసు ఫిర్యాదు నమోదైన ఆరు మాసముల పిమ్మట కుటుంబ పింఛనుకై దరఖాస్తు చేయవచ్చును. అతడు తిరిగి వచ్చినచో సొమ్ము సర్దుబాటు చేయుదుమని హామీపత్రము వ్రాసి యీయవలెను.

భార్యయా, వితంతువా?

మన పూర్వులును ఈ చిక్కును ఎరుగుదురు. ధర్మశాస్త్ర గ్రంథములలో, దేశాంతరగతుడై కబురు తెలియనివాని కొరకు పన్నెండేండ్లు ఎదురుచూచి, పిదప దర్భలతోనో మోదుగ పుల్లలతోనో బొమ్మ చేసి దహనము చేయు విధి కలదు. ఒకవేళ అతడు తిరిగి వచ్చినచో జాతకర్మాది సంస్కారములు మరల జరిపి, కొత్తగా పుట్టినవానిగా స్వీకరింపవలెనని చెప్పిరి. మరణము అనునది ఒంటరి సంగతి కాదనియు, ఒకసారి ఇంటివారు దానిని నమ్మి కర్మ చేసినచో తిరిగి వచ్చువాడు పాత మనిషి కాలేడనియు వారి భావము.

అమెరికా దేశపు విదుషి పాలీన్ బాస్ 1970వ దశకమునుండి ఇట్టి దుఃఖమును పరిశోధించెను. వియత్నాం యుద్ధమున కనబడకుండపోయిన విమానచోదకుల కుటుంబములను ఆమె పరిశీలించెను. శవము కనబడిన దుఃఖమునకు ఒక ఆరంభమును, కొంతకాలమునకు ఒక ఉపశమనమును ఉండును. జాడ తెలియని దుఃఖమునకు అట్టి మెట్టులు లేవు. భార్య కుంకుమ తీయుటకు మనసొప్పదు; పెట్టుకొనుటకును ఊరివారి చూపు అడ్డువచ్చును. తలుపు చప్పుడైన ప్రతిసారి పిల్లలు లేచి చూతురు. దీనిని తెలుగున మనము అనిశ్చిత వియోగమని పిలువవచ్చును. నిజముగా దారితప్పినవాని ఇంట ఇది విధివశమున వచ్చినది. కపటముగా మాయమైనవాని ఇంట ఇది అతడు బుద్ధిపూర్వకముగా తనవారి నెత్తిన పెట్టిన బరువు.

కాగితముమీది మరణమునకు ఎంత బలము గలదో తెలియుటకు ఉత్తరప్రదేశములోని ఆజమ్‌గఢ్ జిల్లా వాసి లాల్ బిహారీ కథ చాలును. అతని భూమికై బంధువులు రెవిన్యూ పుస్తకములలో అతనిని మృతునిగా వ్రాయించిరి. 1975 నుండి 1994 వరకు పోరాడి అతడు తాను సజీవుడనని ఒప్పించుకొనెను. తనవంటివారి కొరకు ‘మృతక సంఘము’ను స్థాపించెను. బ్రతికియున్న ఒక మనిషి బ్రతికియున్నానని ఒప్పించుకొనుటకు దాదాపు 19 ఏండ్లు పట్టినది. ఇక తానే స్వయముగా చచ్చినట్లు వ్రాయించుకొన్నవాడు ఏ ముఖముతో తిరిగి రాగలడు? అతనికి ఓటు లేదు, బ్యాంకు ఖాతా లేదు, జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో చెప్పుకొనుటకు నిజమైన పేరైనను లేదు.

మన కర్తవ్యము

‘చచ్చినట్లు నటించుట’ అను పేరుతో మన శిక్షాస్మృతిలో వేరుగా నేరము లేదు. కాని ఆ నటన నిలుచుటకు మోసము, దొంగపత్రములు, ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచార మిచ్చుట మొదలగునవి ఒకదానివెంట నొకటి అవసరమగును. అవి యన్నియు నేరములే. పైన చెప్పిన కేసులలో శవము చూపవలసివచ్చినప్పుడు ఆ దారి హత్యకే చేర్చినదని పోలీసుల ఆరోపణ.

విద్యార్థులు మూడు సంగతులు ఇంటివారికి చెప్పవలెను. మొదటిది: ఇంటిమనిషి కనబడనిచో ఒక దినము వేచియుండవలెనన్నది వట్టి అపోహ; వెంటనే ఏ పోలీసు ఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చును. ఎన్నూరు తల్లి ఊరకున్నచో ఆ నిజము గుడిసెతోపాటు బూడిదయై యుండెడిది. రెండవది: మన ఇండ్లలో మాట తెలుగు, కాగితములు తమిళముననో ఇంగ్లీషుననో యుండును. అమ్మమ్మకును, అమ్మకును పాలసీ పత్రములు, బ్యాంకు పుస్తకములు చదివి, అర్థము చెప్పి, ఎచ్చట నున్నవో తెలిపియుంచుడు. మూడవది: అప్పు ఎంత పెద్దదైనను దానికి వాయిదాలు కలవు, కోర్టులు కలవు, దివాలా చట్టము కలదు. తండ్రి ముఖము వాడియున్నచో, “నాన్నగారూ, ఏమి కష్టమో చెప్పండి” అని అడుగుటకు పిల్లలు జంకరాదు. అప్పును పదిమందికి చెప్పుకొన్నచో పరువు కొంత పోవచ్చును. పోయిన పరువు మరల సంపాదింపవచ్చును.

మన జీవితము మనదే యని మన మనుకొందుము. మన మరణము మాత్రము మనది కాదు. దానిని అనుభవించువారు వెనుక మిగిలినవారు. కావున వారితో చెప్పరాని అబద్ధములలో ఇదియే మొదటిది.