ఊరు మారితే ఉబ్బసం తగ్గుతుందా?

ప్రశ్న: మాది ముత్తుకూరు దగ్గర పల్లె. వయసు 34. రొయ్యల కంపెనీలో పని. రెండేళ్లుగా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. మా వీధిలో ఇంకొందరికీ ఇంతే. ఉదయగిరిలో మా అక్క వాళ్ల వైపు ఇది పెద్దగా లేదు. ఇదంతా థర్మల్ ప్లాంట్ల బూడిద వల్లేనా డాక్టరుగారూ? ఊరు మారమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: తొందరపడకండమ్మా. థర్మల్ ప్లాంట్లున్న నేలటూరు, పైనాపురం వైపు బొగ్గుదుమ్ము, బూడిద మంచివని ఎవరూ అనరు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ సన్నటి దుమ్ము ఆయాసాన్ని ఎక్కువ చేస్తుంది. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది బూడిద కాదు, మీ పని. రొయ్యలు కడిగేటప్పుడు లేచే తుంపర్లలో, ఉడికించేటప్పుడు వచ్చే ఆవిరిలో వాటి ప్రొటీన్లు ఉంటాయి. రోజూ పీలిస్తే కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. రొయ్యల కూర హాయిగా తినేవాళ్లకు కూడా!

పనో, ఊరో తేల్చడానికి మందుల షాపులో పీక్ ఫ్లో మీటర్ (గాలి ఎంత వేగంగా ఊదగలరో కొలిచేది) కొనండి. నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున గట్టిగా ఊదాలి. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. రోజుకు నాలుగుసార్లు చొప్పున నాలుగు వారాలు. పక్కనే డ్యూటీయా, సెలవా అని కూడా రాయండి. సెలవుల్లో ఇంటి దగ్గరే ఉన్నా అంకె పెరిగితే అనుమానం పని మీద. ఇంట్లో పెరగక, అక్క ఊరెళ్తే పెరిగితే అప్పుడు ఇల్లు, గాలి సంగతి చూడాలి. మీ తీరంలో తేమ ఎక్కువ. పరుపుల్లో కంటికి కనపడని దుమ్ము పురుగులకు అది పండగ. ఈశాన్య రుతుపవనాల వానలకు గోడలకు బూజు పడుతుంది. ఇవీ ఆయాసాన్ని పెంచేవే.

ప్రాంతాన్ని బట్టి ఉబ్బసం మారడం నిజమే. 56 దేశాల పిల్లలపై చేసిన సర్వే 1998లో వెలువడింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చాలా ఎక్కువ, ఇండోనేషియా, చైనా, మన దేశంలో తక్కువ అని తేలింది. అయితే ఉదయగిరి వైపు జబ్బే తక్కువా, లేక ‘ఆయాసం’ అని సరిపెట్టుకుని పరీక్షకు వెళ్లేవాళ్లు తక్కువా? ఊపిరి పరీక్ష చేయకుండా రెండు ఊళ్లను పోల్చలేం.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. రాసుకున్న కాగితాలతో నెల్లూరులో ఛాతీ డాక్టర్‌ను కలిసి స్పైరోమెట్రీ (ఊపిరి పరీక్ష) చేయించుకోండి. ఇన్‌హేలర్ రాస్తే ‘అలవాటైపోతుంది’ అనే మాటలు వినకండి. పని వల్లే అని తేలితే, ఆవిరి, తుంపర్లు లేని విభాగానికి మార్చమని డాక్టర్ ఉత్తరంతో అడగండి. ఈలోగా మాట పూర్తిచేయలేనంత ఆయాసం వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.