రోలు, రోకలి, ఇంజను

నేపథ్యం

విజయనగరం నుండి గజపతినగరం, రామభద్రపురం మీదుగా కోరాపుట్ వైపు సాగిపోయే రహదారి మీద, తూర్పు కనుమల పాదాల చెంత, వేగావతీ నదికి సమీపంలో సాలూరు పట్టణం ఉంది. 2022 ఏప్రిల్ వరకు విజయనగరం జిల్లాలో ఉండి, ఆ తరువాత పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ పట్టణం లారీలకు పేరుపొందింది. ఘాట్ రోడ్డు ఎక్కబోయే లారీలు, దిగివచ్చిన లారీలు ఇక్కడ ఆగుతాయి. అందువల్ల ఇంజను విప్పి బాగుచేసే పనివారికి ఇక్కడ కొదవలేదు. అటువంటి ఒక పనిపాకలో రచయిత గడిపిన రెండు రోజుల అనుభవమే ఈ పాఠ్యాంశం.

పాఠ్యభాగం

నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులవి. 1999వ సంవత్సరం వేసవి సెలవుల్లో మా మేనత్త గారింటికి సాలూరు వెళ్లాను. మా బావ వద్ద యమహా ఆర్ ఎక్స్ 100 మోటారు సైకిలు ఉండేది. 1985 నుండి 1996 వరకు మన దేశంలో తయారైన ఆ బండిని చూసి ముచ్చటపడని యువకుడు ఆనాడు అరుదు. దానిని మామయ్య పాత బండిగా కొన్నారు. కాలేజీకి, పొలానికి, ఆసుపత్రికి ఆ ఇంటిల్లిపాదికీ అదొక్కటే ఆధారం. కొంతకాలంగా అది నీలిపొగ కక్కుతూ, ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతూ ఉంది. వాడుకలో చెప్పాలంటే ఇంజను 'బోరుకు వచ్చింది'. బోరు చేయించుకొని రమ్మని మామయ్య బావ చేతికి డబ్బు ఇచ్చారు. బావ మనసులో మాత్రం వేరే ఊహ ఉంది. ఎలాగూ బ్లాకు విప్పుతున్నారు కనుక, దానిని 135 బండి అంత పెద్దది చేయించి, సుంకి ఘాటీలో మిత్రులందరినీ దాటిపోవాలని అతని కోరిక.

మేము వెళ్లిన పనిపాకలో మేస్త్రీ గారు అరవయ్యేళ్ల మనిషి. లారీ ఇంజనుల మధ్య కూర్చొని మా మాట అంతా విన్నారు. బావ కోరిక విన్నాక ఔననలేదు, కాదనలేదు. పక్కనున్న కుర్రవాడితో ముందు బ్లాకు విప్పమన్నారు.

ఇక్కడ రెండు మాటలు చెప్పుకోవాలి. ఇంజనులోని పిస్టన్‌కు మన విజ్ఞానశాస్త్ర గ్రంథాలు 'ముషలకం' అని పేరు పెట్టాయి. ముసలం అంటే రోకలి; ముషలకం అంటే చిన్న రోకలి. పారిభాషిక పదాలలో చాలావాటిని చదివి మరచిపోతాం గాని, ఈ పదం మాత్రం బొమ్మ గీసి చూపినట్లు ఉంటుంది. సిలిండరు రోలు, పిస్టన్ రోకలి. రోకలి పోటు ఎంత దూరమో దానిని 'స్ట్రోకు' అంటారు. రోటి నోటి వ్యాసమే 'బోరు'. ఈ రెండింటిని బట్టే ఇంజను ఘనపరిమాణం ఏర్పడుతుంది. ఆర్ ఎక్స్ 100 లో బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే సుమారు 98 ఘన సెంటీమీటర్లు వస్తుంది. అదే సంస్థ ఆర్ ఎక్స్ 135 ను రూపొందించినప్పుడు స్ట్రోకును ముట్టుకోలేదు. బోరును మాత్రం 58 మిల్లీమీటర్లకు పెంచింది. ఘనపరిమాణం 132కు చేరింది. వ్యాసం పెరిగింది నూటికి పదహారు వంతులే అయినా, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి పరిమాణం నూటికి ముప్పైనాలుగు వంతులకు పైగా పెరిగింది. మా బావను ఊరించినది ఈ లెక్కే.

బ్లాకు బల్లమీదికి వచ్చింది. మేస్త్రీ గారు గడియారం వంటి ముఖమున్న కొలత సాధనాన్ని అందులోకి దించి పైన, నడుమ, కింద కొలిచారు. మళ్లీ అడ్డంగా తిప్పి మూడు చోట్లా కొలిచారు. కొత్తలో గుండ్రంగా ఉన్న రోలు వాడగా వాడగా కోలగా మారుతుంది. పిస్టన్ రింగులు పైకి వెళ్లి వెనుదిరిగే చోట అరుగుదల ఎక్కువ. ఆ సందులోంచి వాయువు జారిపోతే బలం తగ్గుతుంది. అరిగిన గోడను సమంగా చెక్కి, మళ్లీ గుండ్రంగా చేసి, దానికి తగిన లావు పిస్టన్ వేయడమే రీబోరు. ఇందుకోసం పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు చొప్పున పెద్ద కొలతల్లో దొరుకుతాయి.

"చివరి సైజు వేస్తే ఎంత బలం వస్తుంది మేస్త్రీ గారూ?" అని బావ అడిగాడు. ఆ లెక్క నేనే వేశాను. బోరు 51 మిల్లీమీటర్లయితే పరిమాణం 102 ఘన సెంటీమీటర్లు. పెరిగేది నాలుగు! బావ ముఖం చిన్నబోయింది. రీబోరు పోయిన బలాన్ని తిరిగి తెస్తుందే కాని, లేని బలాన్ని తేదు.

"అయితే 58 చేసెయ్యండి" అన్నాడు బావ.

అప్పుడు మేస్త్రీ గారు బ్లాకును తలక్రిందులు చేసి మా ముందు పెట్టారు. చిన్న బండ్ల బ్లాకులో రెక్కలున్న అల్యూమినియం దిమ్మె లోపల పోత ఇనుప తొడుగు ఉంటుంది. దానినే లైనరు అంటారు. కింది అంచున ఆ తొడుగు మందం కంటికి కనిపిస్తుంది. యాభై నుండి యాభై ఎనిమిదికి వెళ్లాలంటే చుట్టూ నాలుగేసి మిల్లీమీటర్లు చెక్కివేయాలి. ఆ తొడుగుకు అంత మందమే లేదు.

"సూడు బాబూ, రోలు పెద్దది సెయ్యాలంటే రాయి తొలవాల. తొలిచీసిన రాయి మరి అతుకుద్దా? ఎంత పెద్దదవుద్దని అడుగుతున్నావు గానీ, ఎంత మిగులుద్దని అడగలేదు నువ్వు" అన్నారాయన.

పాత లైనరు పెరికివేసి, అల్యూమినియం దిమ్మెనే తొలిచి, పెద్ద లైనరు దిగగొట్టే పద్ధతి ఉన్నది. ఆయన దానిని దాచలేదు. అయితే దిమ్మె గోడ పలుచనైతే వేడికి తొడుగు వంకరపోతుంది. బ్లాకును పట్టి ఉంచే బోల్టులు, తలకాయకూ బ్లాకుకూ నడుమ వేసే గాస్కెట్టు అంచు ఇరుకున పడతాయి. కింద క్రాంకు పెట్టె నోరు కూడా తొలవాలి. పైగా ఇది టూ స్ట్రోక్ ఇంజను. గాలి వచ్చే కిటికీలు, పొగ పోయే కిటికీలు గోడలోనే ఉంటాయి. గోడను కదిపితే వాటి వెడల్పు, ఆకృతి మారతాయి. రీబోరు తరువాత కూడా ఆ కిటికీల అంచులను నున్నగా మొద్దు చేయకపోతే రింగు వాటికి తగులుకొని విరుగుతుంది.

అంతటితో అయిపోలేదు. తలకాయలోని దహన గదిలో 16 ఘన సెంటీమీటర్ల ఖాళీ ఉన్నదనుకొందాం. 98కి ఆ 16 కలిపి 16తో భాగిస్తే సంపీడన నిష్పత్తి ఏడు చిల్లర. 132 అయితే అదే గదిలో నిష్పత్తి తొమ్మిది దాటుతుంది. తలకాయను మార్చకపోతే పెట్రోలు అదుపు తప్పి మండి, లోపల సుత్తితో కొట్టినట్లు మోగుతుంది. కార్బురేటరు పాతదే ఉంచి ఇంధనం చాలకపోతే పిస్టన్ నెత్తి కరిగి రంధ్రం పడవచ్చు. పిస్టన్ వేగం కూడా తక్కువేమీ కాదు. నిమిషానికి 7,500 చుట్ల వద్ద 50 మిల్లీమీటర్ల పోటుతో అది సగటున సెకనుకు 12.5 మీటర్లు, అనగా గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అదీ నేరుగా కాదు. చుట్టుకు రెండుసార్లు ఆగి, వెనుదిరిగి. లావైన పిస్టన్ బరువును ఆ వేగంతో ఆపి, వెనుకకు మళ్లించవలసిన భారమంతా పాత కనెక్టింగ్ రాడ్డు మీద, బేరింగుల మీద పడుతుంది.

కర్మాగారాలు ఈ పని చేయడం లేదా అంటే, చేస్తాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 2013లో కాంటినెంటల్ జీటీని విడుదల చేసినప్పుడు 90 మిల్లీమీటర్ల స్ట్రోకును అలాగే ఉంచి, బోరును 84 నుండి 87కు పెంచి, 499 ఘన సెంటీమీటర్ల ఇంజనును 535 చేసింది. మూడే మిల్లీమీటర్లు! అదీ ఆ కొలతకు తగినట్లు కర్మాగారంలోనే తయారుచేసుకొని. పందెపు మైదానాలకు వేరే నియమాలున్నాయి. శ్రీపెరంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టై వంటి చోట్ల ఏ తరగతిలో ఎంత ఇంజను ఉండవచ్చునో ముందే నిర్ణయిస్తారు. ఊరి రహదారి మీద అలా కుదరదు. బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజను ఘనపరిమాణం నమోదై ఉంటుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఆనాడు మాకు ఇవేమీ తెలియవు. మాకు తెలిసిన న్యాయస్థానం మామయ్య ఒక్కరే.

"నాకేటి బాబూ, పెద్ద పనికి పెద్ద కూలి వొచ్చీద్ది. గానీ ఘాటీ దిగినప్పుడు బండి పట్టీసిందనుకో, ఎనక సక్రం తిరగదు. ఎనకాల మీయమ్మ కూకుని ఉంటాదేమో ఆలోసించుకో" అన్నారు మేస్త్రీ గారు. బావ చాలాసేపు మాట్లాడలేదు. మా మేనత్తను నెలకొకసారి విజయనగరం ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఆ బండి మీదనే. ఈ సంగతి ఆయనకు ఎలా తెలుసునో నేటికీ నాకు అర్థం కాదు. బహుశా తెలియకనే అన్నారేమో.

"సరే మేస్త్రీ గారూ, ఎంత అవసరమో అంతే తియ్యండి."

0.25తో అరుగుదల పూర్తిగా పోదని తేలింది. 0.50 నిర్ణయమైంది. ముందు పిస్టన్ తెమ్మన్నారు. పిస్టన్ చేతికి రానిదే బోరు మొదలుపెట్టరాదట. అట్టపెట్టె మీది అంకెను నమ్మక, వచ్చిన పిస్టన్‌నే కొలిచి, దానికి తగినట్లు గోడను తీయాలి. రెండింటి నడుమ వదలవలసిన సందు మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్క. మరునాడు బోరింగు యంత్రం కత్తి నెమ్మదిగా తిరుగుతూ దిగుతుంటే బూడిదరంగు పొడి రాలింది. చివరి కొద్దిపాటి మందాన్ని కత్తితో తీయలేదు. రాళ్లు బిగించిన హోనింగు సాధనంతో రుద్దారు. గోడ అద్దంలా మెరుస్తుందని నేను ఎదురుచూశాను. కాని దాని మీద ఏటవాలుగా ఒకదానినొకటి ఖండించుకొనే సన్నని గీతలు మిగిలాయి. ఆ గీతలలోనే నూనె నిలుస్తుందనీ, అద్దంలా ఉంటే నిలువదనీ కుర్రవాడు చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రీ గారు చీటీ మీద '0.50' అని వ్రాసి, దానిని బండి కాగితాలతో ఉంచమన్నారు. కొత్త రింగులు గోడతో కలిసేవరకు, ఐదు వందల కిలోమీటర్ల దాకా, నలభై దాటి నడపవద్దన్నారు. ఆ నెలంతా మా బావను సైకిళ్లవారు దాటిపోయారు. అతడు పళ్లు బిగబట్టుకొని నడిపాడు.

ఆ బండి ఇప్పటికీ అతని వద్దనే ఉంది. నడుమ మరొక్కసారి బోరుకు వచ్చింది. కాగితాలలో పాత చీటీ పక్కన '0.75' అని ఇంకొక చీటీ చేరింది. ఇక మిగిలింది ఒక్క సైజు.