చల్లబరచడం వేరు, తేమ తీయడం వేరు

కాకినాడ

చి॥ ల॥ సౌ॥ మా మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఫోనులో చెప్పినవన్నీ కాగితం మీద పెట్టుకున్నాను. చందానగర్ ఫ్లాటులో ఫాల్స్ సీలింగులో దాచిన రెండు టన్నుల డక్టబుల్ యూనిట్. వానలు మొదలైనప్పటి నుంచి బీరువాలో పట్టుచీరలకు ముక్కవాసన. డబ్బాలో అప్పడాలు మెత్తబడుతున్నాయి. హాల్లో గ్రిల్ చుట్టూ నల్లటి మరక. రిమోట్ మీద 20 పెట్టినా ఒళ్లంతా జిగట. ఒక మెకానిక్ ‘గ్యాస్ తగ్గిందమ్మా’ అన్నాడు, ఇంకొకాయన మూడు టన్నుల మిషన్ వేయించుకోమన్నాడు, మూడో ఆయన తేమ తీసే యంత్రం అమ్ముతానన్నాడు. ఆ ముగ్గురినీ ఒక వారం ఆగమను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. మెకానిక్ వచ్చినప్పుడు నీ చేతిలో కాగితం ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అందులోంచే వస్తుంది. రిమోట్ మీద అంకె తగ్గించినంత మాత్రాన తేమ తగ్గదు. కాయిల్ చల్లగా ఉండాలి, దాని మీదుగా గాలి నింపాదిగా వెళ్లాలి, మిషన్ ఆగకుండా ఎక్కువసేపు నడవాలి. ఈ మూడూ కలిస్తేనే గాలిలోని నీరు ట్రేలోకి దిగుతుంది.

20 పెట్టి ఏం సాధించావో లెక్క చూడు. 24 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలిలోంచి నీరు తీయకుండా ఉత్త చల్లబరిచి 20కి తెచ్చావనుకో, అదే నీరు 76 శాతమై కూర్చుంటుంది. గాలి చల్లబడేకొద్దీ నీటిని పట్టుకునే శక్తి తగ్గుతుంది కదా. అందుకే నీ ఇల్లు చల్లగానూ ఉంది, చెమ్మగానూ ఉంది.

ఇక మీ ఊరి వాతావరణం. మా కాకినాడలో సముద్రం పక్కనే ఉంటుంది కనుక ఎండాకాలంలోనూ ఉక్కే. చందానగర్‌లో అలా కాదు, అక్కడ రెండు వేరు వేరు కాలాలు. మే నెల మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకో. ఆ గాలిని 24కి చల్లబరిస్తే దాదాపు 50 శాతం అవుతుంది. అంటే ఎండాకాలంలో నీకు తేమతో పేచీ లేనే లేదు. అదే ఆగస్టులో వాన వెలిసిన సాయంత్రం 27 డిగ్రీలు, 80 శాతం ఉంటుంది. ఆ గాలిని 24కి తెస్తే 95 శాతం. వేడి చూస్తే కొంచెమే, నీరు చూస్తే మే గాలికి రెట్టింపు. థర్మోస్టాట్‌కు తెలిసింది వేడి ఒక్కటే కాబట్టి నాలుగు నిమిషాలు నడిచి, 24 వచ్చిందని కంప్రెసర్‌ను ఆపేస్తుంది. నీరు గదిలోనే ఉండిపోతుంది.

మాదాపూర్ ఆఫీసుల్లో ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి పంపే యంత్రాల) గదులు చూసుకున్న రోజుల్లో మాకు ఈ బాధ తక్కువ. 1998 నవంబరు 22న వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించాక ఆ చుట్టుపక్కల లేచిన భవనాల్లో పొద్దస్తమానం మనుషులు, కంప్యూటర్లు, లైట్లు. వానాకాలంలోనూ లోపల వేడి పుడుతూనే ఉండేది కనుక కాయిల్‌లో చల్లనీళ్లు ఆగకుండా తిరిగేవి, తేమ దానంతట అదే పడిపోయేది. ఇంట్లో ఆ వేడి ఉండదు. అందుకే ఇంటి మిషన్‌కు తేమ సంగతి మనం విడిగా నేర్పాలి.

ఆ మాటకొస్తే ఈ యంత్రం పుట్టిందే తేమ కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఉక్కకు కాగితం ఉబ్బి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు గాలిలో తేమను ఏడాది పొడుగునా 55 శాతం దగ్గర నిలపడానికి ఏర్పాటు గీశాడు. మనుషులకు చల్లదనం ఆ తర్వాత వచ్చిన లాభం. నీకూ నేను ఆ 55 అంకే చెబుతున్నాను. ఇంట్లో తేమ 60 దాటనివ్వకూడదు. అది దాటి నిలిచిందంటే గోడలకు బూజు, పరుపుల్లో కంటికి కనిపించని దుమ్ముపురుగులు, పిల్లలకు తుమ్ములు.

ఇప్పుడు పని వరస చెబుతాను. వరస తప్పించకు.

మొదటిది కొలత. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్లు రెండు కొను. కొన్న వెంటనే నమ్మకు. ఒక సీసా మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటట్టు నాలుగు చుక్కల నీళ్లు వెయ్యి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ జిప్ కవర్లో పెట్టి, ఉప్పు మీటరుకు తగలకుండా మూసి, రాత్రంతా కదపకుండా ఉంచు. తెల్లారి 75 చూపించాలి. తడి ఉప్పు మీది గాలి ఎప్పుడూ 75 దగ్గరే నిలుస్తుంది. నీ మీటరు 80 చూపిస్తే అయిదు ఎక్కువ చూపిస్తోందని దాని వెనక రాసి అంటించు. ఆ తర్వాత ఒకటి హాల్లో లోపలి గోడకు, ఇంకొకటి బీరువా ఉన్న గదిలో పెట్టు. గ్రిల్ గాలి తగిలే చోటా, వంటింటి గుమ్మం దగ్గరా వద్దు.

రెండోది ఫ్యాన్. మీ గోడ రిమోట్‌లో ఫ్యాన్ ‘ఆన్’లో ఉందో ‘ఆటో’లో ఉందో చూడు. ఆన్‌లో ఉంటే కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. రెక్కల మీద, ట్రేలో ఉన్న నీరంతా తడి తువ్వాలు ఫ్యాన్ కింద ఆరేసినట్టు తిరిగి గదిలోకే వస్తుంది. కాయిల్ పూర్తిగా తడిసి మొదటి చుక్క ట్రేలోకి జారడానికే పది పదిహేను నిమిషాలు పట్టవచ్చు. నాలుగు నిమిషాలు నడిచి ఆగే మిషన్ ఏ నీరు బయటికి పంపుతుంది చెప్పు? అమెరికాలో ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్ వాళ్లు దీన్ని కొలిచి మరీ చూపించారు: ఫ్యాన్ ఆగకుండా తిరిగి కంప్రెసర్ కొద్దికొద్దిసేపే నడిస్తే తేమ తీయడం దాదాపు సున్నాకు పడిపోతుందని. కాబట్టి ఆటో. దీనికి పైసా ఖర్చు లేదు, ముందు ఇదే చెయ్యి.

మూడోది డ్రెయిన్. మిషన్ అరగంట నడిచాక యుటిలిటీ బాల్కనీలో డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి గంటసేపు పట్టు. ఒక లీటరు నీరు దిగిందంటే మిషన్ తన శక్తిలో 0.2 టన్ను దానికే ఖర్చుపెట్టిందన్న మాట. ఆగస్టులో రెండు టన్నుల మిషన్ ఆగకుండా నడిస్తే గంటకు రెండు లీటర్లకు అటూ ఇటూ రావాలి. గ్లాసుడే వస్తే కాయిల్ చల్లబడటం లేదనో, నీరు ట్రేలోనే నిలుస్తోందనో అనుకో. ఆ పైపుకు ట్రాప్, అంటే నీరు నిలిచే వంపు, ఉందో లేదో అడుగు. ఫ్యాన్ గాలిని లాగుతుంది కాబట్టి ట్రాప్ లేకపోతే పైపు గుండా గాలి పైకి వచ్చి నీటిని దిగనివ్వదు. గుడగుడ చప్పుడు దాని గుర్తు. ఆ పైపును బాత్రూం లైనులో కలిపి ఉంటే మురుగు వాసన కూడా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నీరు పడక ట్రాప్ ఎండిపోతుంది, అప్పుడప్పుడు ఒక చెంబుడు నీళ్లు పోయించు.

గ్యాస్ తగ్గిందన్నాయనను కూడా ఇక్కడే కొలిచి చూపించమను. ఫిల్టర్ కడిగించి, కాయిల్ రెక్కల్లో దుమ్ము తీయించాక, రిటర్న్ గాలికీ (గదిలోంచి మిషన్‌లోకి తిరిగి వెళ్లేది) గ్రిల్ గాలికీ తేడా ఎన్ని డిగ్రీలుందో, గేజి ఎంత చూపిస్తోందో కాగితం మీద రాసిచ్చాకే గ్యాస్ మాట.

నాలుగోది బయటి గాలి. అల్లుడుగారు బాత్రూం ఎగ్జాస్ట్ పొద్దున వేసి రాత్రి దాకా ఆపరని చెప్పావు. అది గంటకు 100 ఘనపు మీటర్ల గాలి బయటికి తోస్తే అంతే గాలి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆగస్టు గాలి ఘనపు మీటరులో 20 గ్రాములు దాటి నీరుంటుంది. నీకు కావలసిన 24 డిగ్రీలు, 55 శాతం గాలిలో 12 గ్రాములే. అంటే గంటకు ముప్పావు లీటరు పైనే నీరు నువ్వే ఇంట్లోకి రప్పిస్తున్నావు. స్నానమయ్యాక పావుగంట, వంట జరిగినంతసేపూ ఎగ్జాస్ట్ వేయండి, తర్వాత ఆపండి. తడి బట్టలు హాల్లో ఆరేయకండి, బాల్కనీ తలుపు తెరిచి ఏసీ వేయకండి. మనుషులకు కొత్త గాలి కావాలి, కాదనను. వాన లేని వేళ ఏసీ ఆపి కాసేపు కిటికీలు తీయండి.

అయిదోది గ్రిల్ చుట్టూ మరక. గ్రిల్‌లోంచి వచ్చే గాలి 13, 14 డిగ్రీలుంటుంది. ఇందాకటి ఆగస్టు గాలి 23 డిగ్రీల వస్తువు తగిలితేనే చెమరుస్తుంది. ఫాల్స్ సీలింగ్ పైన ఆ గాలి తిరుగుతూ, డక్టు మెడ దగ్గర ఇన్సులేషన్ చిరిగి ఉంటే అక్కడే బూజు. రంగు వేయిస్తే మళ్లీ వస్తుంది. నైట్రైల్ రబ్బరు షీటు చుట్టించి, అతుకులు టేపుతో మూయించు. ఈ పని తర్వాతి మెట్టు కంటే ముందే కావాలి, ఎందుకంటే ఫ్యాన్ నెమ్మదిస్తే గ్రిల్ ఇంకా చల్లబడుతుంది.

ఆరోది గాలి వేగం. మామూలుగా టన్నుకు 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగులు) గాలి పెడతారు. తేమ ముఖ్యమైన చోట 350కి తగ్గిస్తారు. మీ రెండు టన్నులకు 700 అన్న మాట. గాలి నెమ్మదిగా వెళ్తే కాయిల్ మరింత చల్లబడి నీరు ఎక్కువ దిగుతుంది. టన్నుకు 300 కంటే కిందికి పోనివ్వకు, మంచు కట్టే ప్రమాదం ఉంది. రిమోట్‌లో డ్రై మోడ్ అనేది చేసేదీ ఇంచుమించు ఇదే. వానాకాలం రాత్రుళ్లు అదే వేసి చూడు.

ఇవన్నీ అయ్యాకే హ్యుమిడిస్టాట్, అంటే తేమను చూసి మిషన్‌ను నడిపే స్విచ్, మాట. మీది మామూలు కంప్రెసర్ అయితే తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత పెట్టించవచ్చు. దాని సెన్సార్ రిటర్న్ గాలిలో ఉండాలి. చల్లగాలి వచ్చే డక్టులో పెడితే ఎప్పుడూ 90 చూపిస్తూ మిషన్‌ను ఆపనివ్వదు. 55 దగ్గర సెట్ చేసి, 5 శాతం తేడా ఇవ్వాలి. తేమ దాటితే ఫ్యాన్ ‘లో’ స్పీడుకు దిగాలి, 24 వచ్చినా కంప్రెసర్ 22 దాకా నడవడానికి అనుమతి ఉండాలి. అంతకంటే కిందికి వద్దు. కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలవడానికి ఉండే మూడు నిమిషాల ఎడాన్ని ఎవరినీ తీసేయనివ్వకు. ఇన్వర్టర్ యూనిట్ అయితే బయటి రిలేలతో దాని తీగలు ముట్టుకోనివ్వనే వద్దు, కంపెనీవారి సొంత కంట్రోల్ ఉంటే అదే వాడు.

మూడు టన్నుల సలహాకు నా జవాబు ఈపాటికి నీకే తెలిసి ఉంటుంది. నాలుగు నిమిషాల్లో ఆగే మిషన్ స్థానంలో పెద్దది పెడితే రెండున్నర నిమిషాల్లో ఆగుతుంది. జిగట పెరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది.

విడిగా తేమ తీసే యంత్రం చెడ్డదేమీ కాదు. బయట 24, 25 డిగ్రీలే ఉండి ముసురు పట్టిన రోజుల్లో ఏసీకి పనే ఉండదు కనుక అప్పుడు అదొక్కటే ఉపయోగపడుతుంది. కానీ అది గదిలోకి వేడి వదులుతుందని గుర్తుంచుకో. డబ్బా మీద రోజుకు ఇన్ని లీటర్లని రాసేది చాలావరకు 30 డిగ్రీలు, 80 శాతం గాలికి చెప్పిన లెక్క, మీ గదిలో అంత రాదు. కొంటే బీరువా గదికి చిన్నది చాలు, దాని పైపు డ్రెయిన్‌లో కలపాలి.

జూన్ రెండో వారం నుంచి అక్టోబరు దాకా 24, ఫ్యాన్ ఆటో, లో స్పీడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మీ ఊళ్లో కిటికీలు చాలు. మార్చి నుంచి మే దాకా 26, ఫ్యాన్ మీకు నచ్చినంత, హ్యుమిడిస్టాట్ ఆపేయవచ్చు. ఎండాకాలంలో కూలర్ వేస్తే ఏసీ ఆపండి, రెండూ కలిపితే ఒకటి పోసిన నీటిని రెండోది తోడుతూ కూర్చుంటుంది.

రేపటి నుంచి ఒక వారం పొద్దున ఏడింటికి, రాత్రి పదింటికి రెండు మీటర్ల అంకెలు రాసి నాకు వాట్సాప్‌లో పంపు. మొదటి నాలుగు పనులకు పెద్ద ఖర్చేమీ లేదు. అవి చేశాక హాల్లో 60 కిందికి దిగితే ఇన్సులేషన్ పని ఒక్కటి చేయించి అక్కడితో ఆగు. దిగకపోతే మిగతా మెట్లు ఒక్కొక్కటే ఎక్కుదాం. అంకెలు చూడకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు, నేను చెప్పానని కూడా ఇవ్వకు.

అల్లుడుగారికి, పిల్లలకు ఆశీస్సులు. అత్త ఈసారి అప్పడాలు గాజు సీసాలో పంపిస్తానంటోంది.

ఇట్లు
మీ మామయ్య